అట్ట మీద రాయాల్సిన సంగతి

కళాకారుడు చనిపోయాక వెలువడే పాటలు మూడు రకాలు. తానే పూర్తిచేసి, విడుదల చూడకుండా వెళ్లిపోయినవి మొదటి రకం. సగంలో ఆగినవాటిని ఇతరులు ముగించి తెచ్చినవి రెండో రకం. అసలు రికార్డే లేక, జనం నోట మిగిలిన పాటను మరొకరు తమ గొంతుతో నిలిపినవి మూడో రకం. ఈ ఉపన్యాసానికి ఈ మూడే భాగాలు.

మొదటి రకానికి తెలుగు ఇళ్లన్నిటికీ తెలిసిన ఉదాహరణ ఘంటసాల వెంకటేశ్వరరావు భగవద్గీత. శ్లోకం పాడి, దాని తాత్పర్యాన్ని కూడా ఆయనే తన గొంతుతో చెప్పారు. రికార్డింగు ముగిసింది గాని, అది జనంలోకి రావడం చూడకముందే 1974 ఫిబ్రవరి 11న మద్రాసులో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 51. రికార్డింగు నాటికే ఆరోగ్యం దెబ్బతిన్నది. సినిమా పాటల్లో వినిపించే ఉరవడి ఇక్కడ తక్కువ. మాట మాట విడదీసి, ఎదుటివాడికి తొందర లేదన్నట్టు సాగే గొంతు ఇది. పద్యం పాడే పద్ధతిని తెలుగువారికి అలవాటు చేసిన మనిషి చివరికి వచనం ఎలా చెప్పాలో కూడా నేర్పిపోయారు.

ఆ రికార్డుకు తర్వాత పట్టిన గతి వేరు. నల్లగొండ, పాలమూరు పల్లెల్లో ఎవరైనా పోతే టెంటు, కుర్చీల వెంట మైకు కూడా వస్తుంది. వాకిట్లో గీత మొదలవుతుంది. పట్టణాల్లో వైకుంఠ రథం కదిలేదీ ఈ గొంతుతోనే. పొద్దున్నే దూరాన వినబడితే చాలు, "గీత పెట్టిన్రు, ఎవరు పోయిన్రో" అని ఆరా తీస్తారు. మామూలు రోజున ఇష్టపడి ఇంట్లో పెట్టుకున్నవాడికి పక్కింటి నుంచి పరామర్శ వచ్చే పరిస్థితి. యుద్ధం చేయనని కూలబడినవాణ్ని లేపి నిలబెట్టడానికి చెప్పిన మాటలవి. ఇప్పుడవి ఇక లేవనివాడి పక్కన మాత్రమే మోగుతున్నాయి. పరీక్ష తప్పిన పిల్లవాడికి, బోరు ఎండిన రైతుకు అవి ఎంత అవసరమో ఎవరూ చెప్పనక్కర్లేదు. అయినా పిల్లలున్న ఇంట్లో గీత పెట్టడం అపశకునమనే దాకా వచ్చింది. పాడినాయన పోయాక వచ్చిన రికార్డు గనుక ఈ ముద్ర పడిందని అనుకోవడానికి వీల్లేదు. వినేవారిలో చాలామందికి ఆ సంగతే తెలియదు.

తెలియకపోవడానికి కారణం ఉంది. ఎల్పీ రికార్డుకు అట్ట ఉండేది. దాని వెనక పాడినవారెవరో, స్వరం ఎవరిదో, విడుదల చేసిన కంపెనీ ఏదో రాసేవారు. క్యాసెట్టు వచ్చాక ఆ రాత చిన్నదైంది. ఫోనులోంచి వచ్చే పాటకు ఆ అట్టే లేదు. అందులోని వేణువు ఎవరిదని అడిగితే చెప్పగలిగినవారు లేరు. తెలుసుకోవాలన్న ఆసక్తి కూడా తగ్గిందనిపిస్తుంది.

అట్ట మీద రాత ఎందుకు ముఖ్యమో రెండో రకం చూపిస్తుంది. అమెరికా రాక్ గిటారిస్టు జిమీ హెండ్రిక్స్ 1970 సెప్టెంబరు 18న లండన్‌లో 27 ఏళ్లకే చనిపోయాడు. బతికుండగా వచ్చినవి మూడు స్టూడియో ఆల్బములు, ఒక కచేరీ రికార్డు. పోయాక వచ్చినవి అంతకు ఎన్నో రెట్లు. వాయించినప్పుడల్లా టేపు తిప్పించే అలవాటు అతడిది. న్యూయార్క్‌లో కట్టించుకున్న ఎలక్ట్రిక్ లేడీ స్టూడియో ప్రారంభమై నెల తిరగకుండానే వెళ్లిపోవడంతో కొత్త ఆల్బం ముక్కలుగా మిగిలింది. అతడి ఇంజనీరు ఎడీ క్రేమర్, డ్రమ్మర్ మిచ్ మిచెల్ వాటిలోంచి పది పాటలు ఏర్చి 1971లో 'ది క్రై ఆఫ్ లవ్' తెచ్చారు. పక్కనుండి పనిచేసినవారు కావడంతో వారి చేయి ఎక్కడా అడ్డు పడదు.

1975 నాటి 'క్రాష్ ల్యాండింగ్' తీరు అది కాదు. నిర్మాత ఆలన్ డగ్లస్ పాత టేపుల్లోంచి హెండ్రిక్స్ గిటారు, గొంతు ఉంచి, అతడితో కలిసి వాయించినవారి డ్రమ్ములు, బేస్ చాలావరకు తీసేశాడు. వాటి స్థానంలో అతణ్ని ఎన్నడూ చూడని స్టూడియో వాద్యకారుల చేత కొత్తగా వాయింపించాడు. కొన్ని పాటలకు సహరచయితగా తన పేరు కూడా చేర్చుకున్నాడు. దూలాలు మాత్రం ఉంచి గోడలన్నీ కొత్తగా లేపి, తాత కట్టిన ఇల్లని చూపించినట్టుంది ఆ పని. రికార్డు బాగానే అమ్ముడుపోయింది. అభిమానుల కోపం మాత్రం చల్లారలేదు.

1995లో హెండ్రిక్స్ పాటల హక్కులు అతడి తండ్రి ఆల్ హెండ్రిక్స్ చేతికి తిరిగి వచ్చాయి. 1997లో కుటుంబం తరఫున 17 పాటలతో 'ఫస్ట్ రేస్ ఆఫ్ ది న్యూ రైజింగ్ సన్' వెలువడింది. హెండ్రిక్స్ స్వయంగా రాసిపెట్టుకున్న పట్టీలే దానికి ఆధారం. ఆ తర్వాత 2010, 2013, 2018లలో మరో మూడు సంకలనాలు వచ్చాయి. వీటిలో ఏ పాట ఏ ఏడు రికార్డు చేసిందో, ఎవరు వాయించారో కొనేవాడికి తెలుస్తుంది. అయినా చివరి మాట వాయించినవాడిది కాదు. అతడు ఉండి ఉంటే సగం పాటలు పక్కన పెట్టేవాడేమో.

మూడో రకం నల్లగొండ సొంతం. 1946–51 తెలంగాణ సాయుధ పోరాటంలో దళాల వెంట పాటలున్నాయి గాని టేపు రికార్డర్లు లేవు. పోరాటంలోనే ప్రాణాలు విడిచిన బండి యాదగిరి గొంతు ఎలా ఉండేదో వినే దారి లేదు. ఆయన 'బండెనక బండి గట్టి' 1979లో తీసిన 'మాభూమి' సినిమాలో గాయకుడు గద్దర్ గొంతుతో లోకానికి చేరింది. పాట గద్దర్‌దేనని నమ్మేవారు నేటికీ ఉన్నారు. అదే పోరాటపు కవి సుద్దాల హనుమంతు మాత్రం 1982 దాకా జీవించి, తన 'పల్లెటూరి పిల్లగాడ' అదే సినిమాలో వినగలిగారు.

మన దేశ చట్టం విషయానికి వస్తే, రచయిత బతికుండగా ప్రచురితం కాని సాహిత్య, సంగీత రచనలకు 1957 నాటి కాపీరైట్ చట్టం కింద హక్కు, ప్రచురించిన మరుసటి ఏడు మొదలు 60 ఏళ్లు. రికార్డింగుకూ విడుదల నుంచి లెక్క అంతే. 1984 సవరణతో చేరిన 52ఎ సెక్షన్ ప్రకారం రికార్డు మీద, దాని అట్ట మీద తయారుచేసినవారి, హక్కుదారుల పేర్లు, చిరునామాలు, మొదట విడుదలైన ఏడు ఉండాలి. పాడిన ఏడు, పాడినవాడు పోయాక చేర్చిన వాద్యాలు ఆ పట్టీలో లేవు.