పాత జీపుకు కొత్త బలం

అనంతపురం ప్రాంతంలో ఏడాది మొత్తానికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. మిగతా కాలమంతా ఎండ, దుమ్ము. ఇక్కడ పాత జీపు ఇంజనుకు బలం పెంచాలనుకునేవాళ్లు ముందు ఆ రెండింటి సంగతి చూసుకోవాలి.

మహీంద్రా వారి పాత సీజే-3బీ జీపులో ఉండేది హరికేన్ పెట్రోలు ఇంజను. నాలుగు సిలిండర్లు, సుమారు 2.2 లీటర్లు. పెట్రోలు బాగా తాగుతుంది. అందుకే చాలామంది దాన్ని దించేసి డీజిల్ ఇంజను ఎక్కించారు.

డీజిల్‌ది లాగుడులో అందెవేసిన చెయ్యి. కానీ అంత వేగంగా తిరగదు. డిఫరెన్షియల్ పాత 5.38 నిష్పత్తిదే ఉంచేస్తే, టాప్ గేరులో కూడా చక్రం ఒక్క చుట్టుకు ఇంజను ఐదు చుట్లకు పైగా తిరగాలి. చెరువుగట్టు సునాయాసంగా ఎక్కే బండిని బెంగళూరు హైవే మీద లారీలు దాటిపోతాయి! బరువైన ఇంజనుకు ముందు కమాన్లూ కుంగుతాయి.

నన్నడిగితే, ఉన్న ఇంజనునే ముందు బాగుచేయించండి. కంప్రెషన్, వాల్వుల సందు, టైమింగు చూపించండి. ఆయిల్‌బాత్ ఎయిర్ ఫిల్టరులో దుమ్మును పట్టేది అడుగునున్న నూనే. మన మట్టిదారుల్లో అది త్వరగా బురదవుతుంది. దాన్ని మార్చకుండా పిస్టన్ రింగులు మార్చడం డబ్బు దండగ. రేడియేటరులో ఉప్పు బోరునీళ్లు పోయకండి, లోపల పొర కడుతుంది.

ఇంజను మార్చే తీరాలంటే, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం రవాణా శాఖ అనుమతి కావాలి, ఆర్‌సీలో మార్పు నమోదు కావాలి. మెకానిక్కుకు అడ్వాన్సు ఇవ్వకముందే ఆ ఆఫీసుకు వెళ్లిరండి.