ఇల్లు అమ్మే స్త్రీకి ధర చెప్పేదెవరు?

(కామారెడ్డిలో జరిగిన మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



బీడీ కూలి రేట్ల గురించి, గల్ఫ్ అప్పుల గురించి, భూమి పట్టాల గురించి మనం చాలా సభల్లో మాట్లాడుకున్నాం. ఇల్లు అమ్మడం గురించి మాత్రం ఎప్పుడూ మాట్లాడుకోలేదు. అది బ్రోకర్ల వ్యవహారం, మనకెందుకులే అనుకున్నాం. కానీ పరిశోధన కోసం కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల్లో తిరిగినప్పుడు నాకొక విషయం అర్థమైంది. ఇక్కడి వితంతువులకూ ఒంటరి స్త్రీలకూ జీవితంలో పెద్ద మొత్తం చేతికి వచ్చే సందర్భం దాదాపు ఒక్కటే. అది ఇల్లో, ఇంటి జాగాలో వాటాయో అమ్మే సందర్భం. ఎక్కువగా మోసపోయేదీ అక్కడే.

ఎల్లారెడ్డి వైపు ఒక పల్లెలో బీడీలు చుట్టే ఒకామెను కలిశాను. భర్త గల్ఫ్‌లో చనిపోయాడు. పెద్దకర్మ కాకముందే పక్కింటాయన వచ్చి ఇల్లు అడిగాడు. అదే గల్లీలో అంతకు ముందు ఏడు పోయిన ధరలో సగం చెప్పాడు. "తక్కువని నాకెరుకే అక్కా. గాని ఇంకొకలు వస్తలేరు" అందామె. ఎందుకు రావడం లేదని నలుగురినీ అడిగితే తెలిసింది. "ఆ ఇంటి మీద పంచాయితీ ఉంది" అని ఊళ్లో మాట పుట్టించింది ఆ కొనేవాడే.

ఈ ఉదాహరణలో మనం గమనించవలసింది ధర తక్కువ కావడం ఒక్కటే కాదు. పట్నంలో తక్కువ ధర చెప్పినవాణ్ణి కాదంటే రేపు ఇంకొకడు వస్తాడు. పల్లెలో, ఎల్లారెడ్డి లాంటి చిన్న పట్టణంలో కొనేవాళ్లే కొద్దిమంది. వాళ్లూ చుట్టాలో, పొరుగువాళ్లో, పెద్దమనుషులో అయి ఉంటారు. రెండో బేరగాడు రాకుండా చూసుకుని మొదటివాడు తన ధర చెబుతాడు. దాన్ని 'మార్కెట్' అనడం తప్పు. అది ఆధిపత్యం.

కుటుంబం లోపల సహకారమూ సంఘర్షణా కలిసే ఉంటాయని, బేరం చెడితే ఎవరికి ఏం మిగులుతుందన్న దాన్నిబట్టే ఎవరి మాట చెల్లుతుందో తేలుతుందని అమర్త్యసేన్ చెప్పారు. బీనా అగర్వాల్ 1994లో వెలువడిన తన గ్రంథంలో ఆ ఆలోచనను దక్షిణాసియా స్త్రీల భూమి హక్కులకు అన్వయించారు. మన భాషలో చెప్పుకుంటే, ఆగగలిగినవాళ్లదే బేరం. అప్పులవాడు వాకిట్లో కూర్చుంటే, పిల్ల ఫీజు కట్టే గడువు దాటిపోతుంటే ఏ స్త్రీ ఆగగలదు? కొనేవాడికి ఆ సంగతి తెలుసు. అందుకే "రేపే రిజిస్ట్రేషన్, డబ్బు చేతిలో పెడతా" అంటాడు.

ఇక అన్నదమ్ములు చెప్పే ధర. "నీ వాటాకు ఇంత ఇస్తాం, సంతకం పెట్టిపో" అంటారు. ఆ సంతకానికి ఒక చీర, ఒక పూట భోజనం. ఆడబిడ్డ పుట్టింటి ఇంటిని ధర కట్టి అడగడమే తప్పన్నట్టు చూస్తారు. చట్టం కూడా చాలాకాలం అలాగే చూసింది. 1956 హిందూ వారసత్వ చట్టంలోని 23వ సెక్షన్ ప్రకారం కుటుంబం కాపురముంటున్న ఇంట్లో మగవారసులు పంచుకుందామనుకునేదాకా కూతురు పంపకం అడగడానికి లేదు. 1986లో మన రాష్ట్రం కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో జన్మహక్కు ఇచ్చినా, 1985 సెప్టెంబర్ 5కు ముందు పెళ్లయిన వాళ్లను వదిలేసింది. 2005లో కేంద్రం చేసిన సవరణతో ఆ 23వ సెక్షన్ పోయింది, పెళ్లయిన కూతుళ్లకూ సమాన హక్కు వచ్చింది. 2005 నాటికి తండ్రి బతికి లేకపోయినా ఈ హక్కు ఉంటుందని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు వినీతా శర్మ కేసులో తేల్చి చెప్పింది.

అదే చట్టంలోని 22వ సెక్షన్ గురించి మన కార్యకర్తల్లో చాలామందికి తెలియదు. వీలునామా లేకుండా వచ్చిన ఆస్తిలో మొదటి తరగతి వారసుల్లో ఒకరు తమ వాటా అమ్మదలిస్తే, మిగతా వారసులకు ముందుగా కొనే హక్కు ఉంది. అన్నదమ్ములు చెప్పే సగం ఇదే. మిగతా సగం వాళ్లు చెప్పరు. ధర కుదరకపోతే దాన్ని కోర్టు నిర్ణయిస్తుంది. కొంటానన్నవాడు ఆ ధరకు కొననంటే ఖర్చులు అతడే భరించాలి. ఒకరికంటే ఎక్కువమంది వారసులు ముందుకొస్తే ఎక్కువ ధర ఇచ్చేవారికే ప్రాధాన్యం. అంటే "మేమే కొంటాం" అనే హక్కు ఉంది గాని, "మేం చెప్పిందే ధర" అనే హక్కు ఎవరికీ లేదు. కోర్టుకు వెళ్లడం సులభమని నేననను. కానీ ఈ మాట తెలిసిన స్త్రీ పంచాయితీలో కూర్చునే తీరు వేరుగా ఉంటుంది.

తక్కువ ధర చెప్పిన ప్రతివాడూ మోసగాడని కూడా నేననను. 2025 ఆగస్టు చివర్లో కురిసిన కుండపోత వానలకు కామారెడ్డిలో కాలనీలు మునిగాయి. నీళ్లు వచ్చిన ఇంటికి కొనేవాడు వెనకాడతాడు, అది నిజమైన కారణం. పట్టణ మాస్టర్ ప్లాన్ ముసాయిదాలో పొలాలను పారిశ్రామిక జోన్‌గా చూపినప్పుడు, ధరలు పడిపోతాయని రైతులు రోడ్డెక్కారు. 2023 జనవరిలో పురపాలక సంఘం ఆ ముసాయిదాను రద్దు చేస్తూ తీర్మానించింది. కాగితం మీద గీసిన గీత కూడా ధరను పడగొట్టగలదు. కాబట్టి కోపంతో తలుపు వేయకుండా "ఏ లెక్కన ఈ ధర చెబుతున్నారు?" అని అడగాలి. కారణం ఉంటే దాన్ని సరిచేయవచ్చు, లేదా అంతమేరకే తగ్గవచ్చు. లేకపోతే అతడు కట్టింది ఇంటి విలువ కాదని, ఆమె అవసరానికి ధర కడుతున్నాడని తేలిపోతుంది.

మన సంఘాలు చేయగలిగిన పనులు కొన్ని చెబుతాను.

మొదటిది కాగితాలు. అమ్ముతామని నోరు తెరవకముందే ఇంటి నంబరు, పన్ను రశీదులు ఆమె పేరు మీదికి మార్పించాలి. కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, ఈసీ తీయించాలి. ఆ జాగా సర్కారు అసైన్ చేసిందో కాదో ముందే చూసుకోవాలి. 1977 చట్టం ప్రకారం అసైన్డ్ భూమి అమ్మకం చెల్లదు. సాదా బైనామా మీద కొన్న జాగాకైతే ధర సహజంగానే తగ్గుతుంది. కాగితాల్లోని ప్రతి లొసుగూ కొనేవాడి చేతిలో ఆయుధమే.

రెండోది ధర తెలుసుకోవడం. రిజిస్ట్రేషన్ శాఖ మార్కెట్ విలువను చూపించి "సర్కారు ధరే ఇంత" అంటారు. అది స్టాంపు డ్యూటీ లెక్కకోసం పెట్టిన విలువ. అంతకే అమ్మాలని ఎక్కడా లేదు. పక్కన ఈమధ్య ఇళ్లు అమ్మిన ఇద్దరు ముగ్గురిని అడిగి గజం ఎంతకు పోయిందో రాసుకోవాలి. ఊరివాళ్లు రాకపోతే కామారెడ్డిలో, బాన్సువాడలో చెప్పించాలి. రెండో బేరగాడు వచ్చిన నాడే మొదటివాడి మాట మారుతుంది.

మూడోది, కనీసం ఎంత వస్తే అమ్ముతామో ముందే నిర్ణయించుకుని రాసిపెట్టుకోవడం. ఏ ధరకూ ఆ రోజే జవాబు చెప్పకూడదు. "మా సంఘంలో మాట్లాడి చెబుతా" అనడం చేతకానితనం కాదు. మగవాళ్లు "ఇంట్లో అడిగి చెబుతా" అని రోజూ అంటూనే ఉన్నారు. తగ్గవలసి వస్తే ధరలో కాక గడువులో తగ్గి చూడాలి.

నాలుగోది బయానా. ఐదువేలు చేతిలో పెట్టి ఏడాది గడువు రాయించుకుంటే అది కొనడం కాదు, ఇంటిని కట్టిపడేయడం. ధర, గడువు, గడువు తప్పితే ఏమవుతుందో రాయకుండా బయానా తీసుకోవద్దు. పూర్తి డబ్బు రాకముందు తాళం చెవి ఇవ్వద్దు. స్థిరాస్తి అమ్మకంలో 20,000 రూపాయలు గాని అంతకు మించి గాని నగదుగా తీసుకోవడాన్ని 2015 నుంచి ఆదాయపు పన్ను చట్టం నిషేధించింది. ఈ నిబంధన మనకు మేలు. డబ్బు బ్యాంకులో ఆమె పేరున పడుతుంది, మరిది చేతికి పోదు.

చివరిది, అన్నిటికంటే ముఖ్యమైనది, ఆగే శక్తి. వడ్డీవాడి ఒత్తిడికే ఆమె సగం ధరకు ఒప్పుకుంటున్నప్పుడు, పొదుపు సంఘం ఇచ్చే మూడు నెలల అప్పు ఆమెకు కొన్ని లక్షలు మిగల్చవచ్చు. బేరం రోజున ఇద్దరు కార్యకర్తలు ఆమె పక్కన కూర్చుంటే ఆమెకు బదులుగా ఎవరూ మాట్లాడలేరు. మనం కూడా ఆమెకు బదులుగా మాట్లాడకూడదు. ధర ఆమె నోటి నుంచే రావాలి.

హక్కు కాగితం మీదికి రావడానికి యాభై ఏళ్లు పట్టింది. దాన్ని సగం ధరకు పోనివ్వకుండా చూడవలసిన పని మన ముందుంది. మీ మీ ఊళ్లలో ఈ ఏడు ఇల్లో వాటాయో అమ్మబోతున్న స్త్రీలు ఎవరో కనుక్కోండి. బయానా తీసుకోకముందే వాళ్ల దగ్గరికి వెళ్లండి.