బలపం అరిగినట్టే బ్రేకూ అరుగుతుంది
(తిరుపతిలో పొదుపు సంఘం మహిళల సమావేశంలో చేసిన ప్రసంగం)



ఈరోజు మనం కారు బ్రేకు గురించి మాట్లాడుకుందాం. "కారు నడిపేది మగవాళ్ళు. బ్రేకుతో మాకేం పని?" అని మీరు అనుకోవచ్చు. పని ఉంది. మన ఊళ్ళలో ఎన్నో ఇళ్ళు బాడుగ బండ్ల మీద బతుకుతున్నాయి. ఒకరి ఇంట్లో మొగుడు టాక్సీ తోలుతాడు. ఇంకొకరి ఇంట్లో కొడుకు జీపు తోలుతాడు. ఆ బండి కొనడానికి సంఘంలో అప్పు తీసుకున్నది మీరే. నెలనెలా కంతు కట్టేదీ మీరే. పెళ్ళికీ, కాణిపాకానికీ, కాళహస్తికీ బండి మాట్లాడుకుని పిల్లలతో ఎక్కేదీ మీరే. ఆ బండి ఆగాల్సిన చోట ఆగాలి. ఆగకపోతే ఏమవుతుందో మీకు చెప్పనక్కర్లేదు.

బ్రేకు ఎలా పనిచేస్తుంది?

మీరు పలక మీద బలపంతో అక్షరాలు దిద్దారు కదా. బలపం పలకను రుద్దుకుంటుంది. రుద్దుకునే కొద్దీ అరిగిపోతుంది. కారు బ్రేకూ అంతే. చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్ళెం ఒకటి ఉంటుంది. దాన్ని డిస్కు అంటారు. ఆ పళ్ళేనికి అటూ ఇటూ రెండు బిళ్ళలు ఉంటాయి. వాటిని ప్యాడ్లు అంటారు. డ్రైవరు బ్రేకు తొక్కగానే ఆ రెండు బిళ్ళలు పళ్ళేన్ని గట్టిగా పట్టుకుంటాయి. చక్రం నెమ్మదిస్తుంది. బండి ఆగుతుంది.

పళ్ళెం పలక అనుకోండి. ప్యాడు బలపం అనుకోండి. బ్రేకు తొక్కిన ప్రతిసారీ బలపం కొంచెం అరుగుతుంది.

ప్యాడు ఎన్నాళ్ళు వస్తుంది?

ఈ ప్రశ్న అందరూ అడుగుతారు. ఏడాది వస్తుందా, రెండేళ్ళు వస్తుందా అని అడుగుతారు. కానీ ప్యాడు వయసును నెలల్లో లెక్కపెట్టకూడదు. బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, ఎలాంటి దారిలో తిరిగింది అని చూడాలి.

మామూలుగా కారు ముందు చక్రాల ప్యాడ్లు సుమారు 30 వేల నుంచి 60 వేల కిలోమీటర్ల వరకు వస్తాయి. పెద్ద రోడ్డు మీద సాఫీగా పోయే బండికి ఇంకా ఎక్కువ రావచ్చు. బజారులో ఆగుతూ పోయే బండికి తక్కువ వస్తాయి. రోజూ ఘాటు ఎక్కి దిగే బండికి ఇంకా తక్కువ వస్తాయి.

ఇప్పుడు ఒక లెక్క చేద్దాం. ఒక టాక్సీ రోజుకు 100 కిలోమీటర్లు తిరుగుతుంది అనుకుందాం. నెలకు 30 రోజులు. 100ను 30తో గుణిస్తే 3,000. అంటే నెలకు 3 వేల కిలోమీటర్లు. 10 నెలలకు 30 వేలు. ఆ టాక్సీ ప్యాడ్లు ఏడాది తిరక్కుండానే మార్చాల్సి రావచ్చు. ఒక టీచరమ్మ ఇంటి కారు నెలకు 500 కిలోమీటర్లు తిరుగుతుంది అనుకుందాం. దానికి 30 వేలు రావాలంటే 60 నెలలు పడుతుంది. అంటే 5 ఏళ్ళు. ప్యాడ్లు అవే. బతుకే వేరు.

ఇంకో మాట. ముందు చక్రాల ప్యాడ్లు వెనకవాటి కంటే తొందరగా అరుగుతాయి. బస్సు డ్రైవరు సడెన్‌గా బ్రేకు వేస్తే మనం ముందుకు తూలుతాం కదా. బండి బరువు కూడా అలాగే ముందుకు పడుతుంది. ఆ బరువును ఆపే పని ఎక్కువగా ముందు బ్రేకులదే.

తిరుమల దిగే దారి

బ్రేకు విలువ తెలియాలంటే మన తిరుమల కొండ దారి చూడాలి. మొదటి ఘాటు రోడ్డు 1944లో వచ్చింది. రెండో ఘాటు రోడ్డు 1974లో వచ్చింది. ఇప్పుడు రెండో రోడ్డులో ఎక్కుతారు. మొదటి రోడ్డులో దిగుతారు. తిరుపతి కంటే తిరుమల సుమారు 700 మీటర్ల ఎత్తులో ఉంది. అంత ఎత్తు నుంచి మనుషులతో, సామాన్లతో బండి దిగాలి. దారంతా మలుపులే.

దిగువకు వచ్చే బండిని కొండే తోస్తుంది. ఆ తోపును ఎవరు ఆపాలి? డ్రైవరు దారంతా బ్రేకు మీద కాలు పెట్టుకుని వస్తే, ఆ పని అంతా ప్యాడ్ల మీద పడుతుంది. రెండు అరచేతులు గట్టిగా రుద్దుకుని చూడండి. వేడి పుడుతుంది కదా. ప్యాడ్లలో దానికి ఎన్నో రెట్లు వేడి పుడుతుంది. ప్యాడు మరీ కాలితే పట్టు తగ్గుతుంది. కాలిన వాసన వస్తుంది. బ్రేకు నూనె పాతదైతే ఆ వేడికి ఆవిరి బుడగలు కడుతుంది. అప్పుడు బ్రేకు తొక్కితే కాలు లోపలికి పోతుంది. బండి మాత్రం ఆగదు.

అందుకే పెద్ద డ్రైవర్లు ఒక మాట చెబుతారు. ఏ గేరులో కొండ ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలి. చిన్న గేరులో ఉంటే ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. బ్రేకుకు ఊపిరి దొరుకుతుంది.

కొందరు డీజిలు మిగులుతుందని న్యూట్రల్‌లో దిగుతారు. ఇంకొందరు ఇంజనే ఆపేస్తారు. ఇది ప్రాణాలతో చెలగాటం. ఇంజను ఆగితే బ్రేకు బిగుసుకుంటుంది. స్టీరింగు బరువెక్కుతుంది. ఈ కాలం కార్లు గేరులో ఉండి దిగేటప్పుడు నూనెను దాదాపు తాగవు కూడా. కాబట్టి మిగిలేది ఏమీ లేదు. పోయేది మాత్రం చాలా ఉంది.

కొండ దారిలో తొందర పనికిరాదనే తిరుమలలో సమయం నియమం పెట్టారు. ఎక్కడానికి కనీసం 28 నిమిషాలు పట్టాలి. దిగడానికి కనీసం 40 నిమిషాలు పట్టాలి. దిగడానికే ఎక్కువ సమయం ఇచ్చారు, చూడండి. ఎక్కడం కంటే దిగడమే కష్టమని దాని అర్థం.

2022 నుంచి తిరుమల దారిలో ఆర్టీసీ కరెంటు బస్సులు కూడా తిరుగుతున్నాయి. అలాంటి బస్సు దిగేటప్పుడు దాని మోటారే బండిని నెమ్మదింపజేస్తుంది. ఆ తోపుతో కొంత కరెంటు తిరిగి బ్యాటరీలోకి చేరుతుంది. బ్రేకుల అరుగుదల కూడా తగ్గుతుంది.

కొండ దారి తిరుమలకే లేదు. మనకు భాకరాపేట ఘాటు ఉంది. మొగిలి ఘాటు ఉంది. 2022 మార్చిలో భాకరాపేట ఘాటులో నిశ్చితార్థానికి వస్తున్న బస్సు లోయలో పడింది. 2024 సెప్టెంబరులో మొగిలి ఘాటులో బస్సు, లారీలు గుద్దుకున్నాయి. ఎన్నో ఇళ్ళలో ఏడుపులు మిగిలాయి. ప్రతి ప్రమాదానికీ బ్రేకే కారణం అని నేను అనడం లేదు. వేగం ఉంటుంది. నిద్రమత్తు ఉంటుంది. తాగుడు ఉంటుంది. కానీ ఏ తప్పు జరిగినా చివరికి కాపాడాల్సింది బ్రేకే.

బ్రేకు మనతో మాట్లాడుతుంది

బ్రేకు చెప్పకుండా చెడిపోవడం తక్కువ. ముందుగానే చెబుతుంది. మనం వినాలి.

బ్రేకు తొక్కినప్పుడు కీచుమని సన్నగా అరుస్తుందా? చాలా ప్యాడ్లలో చిన్న రేకు పెడతారు. ప్యాడు అరిగితే ఆ రేకు పళ్ళేనికి తగిలి అరుస్తుంది. "నేను అయిపోయాను, మార్చండి" అని చెప్పడం అది.

గరగరమని ఇనుము గీసుకున్న చప్పుడు వస్తుందా? అయితే బలపం పూర్తిగా అయిపోయింది. ఇప్పుడు పలక మీద మేకుతో గీస్తున్నట్టు లెక్క. ఇక ఆ బండి తోలకూడదు.

బ్రేకు మునుపటి కంటే లోపలికి పోతుందా? తొక్కితే బండి ఒక పక్కకు లాగుతుందా? మీటరు దగ్గర ఎర్ర దీపం వెలిగే ఉందా? వీటిలో ఏది ఉన్నా షెడ్డుకు తీసుకుపోవాలి.

ఘాటులో కాలిన వాసన వస్తే బండిని మలుపు కాని చోట, పక్కగా ఆపాలి. అరగంట చల్లారనివ్వాలి. కాలిన డిస్కు మీద నీళ్ళు పోయకూడదు. పొయ్యి మీద కాగిన మట్టికుండ మీద చన్నీళ్ళు పోస్తే ఏమవుతుంది? డిస్కు కూడా పగలవచ్చు, వంకర పోవచ్చు.

కొత్త ప్యాడు మందం సుమారు ఒక సెంటీమీటరు ఉంటుంది. పిల్లల స్కేలు మీద చూస్తే 10 చిన్న గీతలు. అది అరిగి 3 గీతలకు వస్తే మార్చాలి. రూపాయి బిళ్ళలు రెండు ఒకదాని మీద ఒకటి పెడితే సుమారు అంత మందం. మెకానిక్కును అడిగి మీరే చూడండి. సిగ్గుపడనక్కర్లేదు.

రెండు మూడు నెలలు వాయిదా వేస్తే డబ్బు మిగులుతుందని కొందరు అనుకుంటారు. ప్యాడు పోతే ప్యాడుతో పోతుంది. వాయిదా వేస్తే డిస్కు కూడా పాడవుతుంది. ఖర్చు రెండింతలో మూడింతలో అవుతుంది. బండి షెడ్డులో ఉన్నన్నాళ్ళు బాడుగ పోతుంది. కంతు మాత్రం ఆగదు.

బ్రేకు దుమ్ము గురించి ఒక మాట. పాతకాలం బ్రేకుల్లో రాతినార కలిపేవాళ్ళు. మన కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో ఒకప్పుడు గనుల నుంచి తీసింది అదే. రాతినార దుమ్ము ఊపిరితిత్తులకు చాలా చెడ్డది. ఆ పని చేసేవారి బట్టలు ఉతికిన ఆడవాళ్ళకు కూడా జబ్బులు వచ్చాయి. కాబట్టి ఏ బ్రేకు దుమ్మునైనా నోటితో ఊదకూడదు. గాలి పైపుతో కొట్టకూడదు. తడిగుడ్డతో తుడవాలి. షెడ్డు బట్టలు విదిలించకుండా, ముందు నీళ్ళలో నానబెట్టి వేరుగా ఉతకాలి.

మీరు చదవగలరు, రాయగలరు

పొదుపు పుస్తకంలో లెక్క రాస్తున్నారు కదా. అలాగే బండికి ఒక నోటు పుస్తకం పెట్టండి. ప్యాడ్లు మార్చిన రోజు మూడు సంగతులు రాయండి. తేదీ. మీటరులో ఉన్న కిలోమీటర్లు. ఎంత డబ్బు అయింది. ఇలా:

12 జూన్. 48,200 కిలోమీటర్లు. ముందు ప్యాడ్లు మార్చాము.

ఆ తర్వాత ప్రతి 10 వేల కిలోమీటర్లకు ఒకసారి ప్యాడు మందం చూపించండి. ఘాటులో తిరిగే బండి అయితే 5 వేలకే చూపించండి. బ్రేకు నూనెను రెండేళ్ళకు ఒకసారి మార్చాలి. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ చేరిన నూనె ఘాటులో తొందరగా ఆవిరవుతుంది. నూనె డబ్బా మూత మీద డాట్ 3 అనో, డాట్ 4 అనో రాసి ఉంటుంది. బండికి ఏది పోయాలో అదే పోయించండి. రసీదు అడిగి తీసుకోండి. రసీదులో రాసింది చదవండి. మార్చిన పాత ప్యాడ్లు చూపించమని అడగండి.

బండి బాడుగకు మాట్లాడుకునేటప్పుడు బాడుగ ఒక్కటే బేరం చేయకండి. "అన్నా, బ్రేకులు ఎప్పుడు చూపించినావు?" అని కూడా అడగండి. మంచి డ్రైవరు కోప్పడడు. జవాబు చెబుతాడు. బండిలో పట్టేవాళ్ళ కంటే ఎక్కువమంది ఎక్కకండి. బరువు పెరిగే కొద్దీ బ్రేకుకు పని పెరుగుతుంది.

ఆడవాళ్ళు అడిగితే ఎవరు వింటారు అనుకోకండి. 1990లలో చిత్తూరు జిల్లాలో అక్షర తపస్మాన్ పేరుతో చదువు ఉద్యమం నడిచింది. పక్కనే నెల్లూరు జిల్లాలో 1992లో దూబగుంట ఆడవాళ్ళు, చదువు నేర్చుకుంటూనే, సారా మీద తిరగబడ్డారు. ఆ పోరాటం రాష్ట్రమంతా పాకింది. అక్షరం వచ్చిన మనిషి అడిగితే వినక తప్పదు.

ఇంట్లో బండి ఉన్నవాళ్ళు రేపు పొద్దున్నే మీటరు చూడండి. అందులో ఉన్న అంకె పుస్తకంలో రాయండి. బండి తోలే మనిషి సాయంత్రం క్షేమంగా ఇంటికి రావాలి. మీ చదువు అందుకూ పనికొస్తుంది.



మాట్లాడుకుందాం

1. ఒక జీపు రోజుకు 80 కిలోమీటర్లు తిరుగుతుంది. 30 రోజుల నెలకు ఎన్ని కిలోమీటర్లు అవుతాయి?
2. ఘాటు దిగేటప్పుడు న్యూట్రల్‌లో ఎందుకు రాకూడదు?
3. ప్యాడు అరిగిందని ఏ ఏ గుర్తులు చెబుతాయి?
4. మీ సంఘంలో బండికి అప్పు తీసుకున్నవాళ్ళు ఎందరు? వాళ్ళు బండి పుస్తకం రాస్తున్నారా?