పనివానికి తగిన పనిముట్టు



వడ్రంగులు వాడే విద్యుత్ రంపపు బల్ల సాధారణంగా 34 నుండి 36 అంగుళాల ఎత్తు ఉంటుంది. అది నిలబడి పనిచేసేవారి కొలత. చక్రాల కుర్చీలో కూర్చున్న వడ్రంగికి ఆ ఎత్తున భుజాలు లేచి పట్టు సడలుతుంది. ముఖం రంపానికి చేరువవుతుంది. చెక్క ఎదురుతన్నితే ప్రమాదం అధికం.

ఉపాయం కష్టమైనది కాదు. చిన్న రంపాన్ని తక్కువ ఎత్తుగల దృఢమైన పీటపై బిగించి, పైతలాన్ని మోచేతి మట్టానికి దించాలి. అడుగున మోటారు ఉన్నందున మోకాళ్లకు చోటుండదు. కనుక ఎడమ ప్రక్క, క్రింద ఖాళీగల బల్లను జోడించాలి. అక్కడ కూర్చున్నవారు బ్లేడు వరుసకు ఎదురుగా ఉండరు. ఆపే మీట చేతికందాలి. తోపుడు కర్ర పొడవుగా ఉండాలి. బ్లేడు కవచాన్ని, కోత మూసుకుపోకుండా దాని వెనుక నిలిచే పలకను తొలగించరాదు. కుర్చీ చక్రాలకు బ్రేకులు బిగించాలి.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఇటువంటి సముచిత సర్దుబాటును నిరాకరించడాన్ని వివక్షగా పరిగణించింది. చట్టం కన్న ముందు ఈ పాఠాన్ని నేర్పవలసినది బడి. ఒక బాలుడు ఫలానా పనికి తగడని తీర్పు చెప్పే ముందు, ఆ పనిముట్టు అతనికి తగినట్లున్నదా అని కొలిచి చూడడం పెద్దల ధర్మం.