ఒకే పడవ, నాలుగు కూర్పులు

మాస్టారి గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. ఈ హాల్లో సగం మందికి సినిమా చూడటం నేర్పింది ఆయనే. ఏ సినిమా మీద ఎవరు వాదన పెట్టుకున్నా ఆయన ముందుగా అడిగేది ఒకటే: "ఏ ప్రింటు చూశావురా?" చాలా వాదనలు ఆ ప్రశ్నతోనే చల్లారిపోయేవి. వోల్ఫ్‌గాంగ్ పీటర్సన్ తీసిన జర్మన్ సినిమా 'దాస్ బోట్' విషయంలో మాత్రం ఆ ప్రశ్నతోనే వాదన మొదలవుతుంది.

జలాంతర్గామి సినిమాల పూర్వచరిత్ర మీకు తెలిసిందే కనుక గబగబా దాటేస్తాను. జర్మనీలో 1933 నాటి 'మోర్గెన్‌రోట్', హాలీవుడ్‌లో 1957లో 'ది ఎనిమీ బిలో', ఆ మరుసటేడు 'రన్ సైలెంట్ రన్ డీప్'. పెరిస్కోపు, చెమట, పింగ్ పింగ్‌మనే శబ్దం, ఆఖర్న గెలుపో త్యాగమో. నాకు ఈ భాగం మీద పెద్ద ఆసక్తి లేదు, ఉన్నట్టు నటించను. నేను కొన్నేళ్లుగా తవ్వుతున్నది 1973 నుంచి 1985 దాకా జరిగిన కథ.

1973లో ఈ సినిమాకు మూలమైన లోథార్-గుంథర్ బుక్‌హైమ్ నవల వచ్చింది. ఆయన 1941 చివర్లో యుద్ధ విలేఖరిగా యు-96 అనే జలాంతర్గామి ఎక్కి అట్లాంటిక్‌లో తిరిగి వచ్చినవాడు. నవల జర్మనీలో పెద్ద గొడవే లేపింది. మైకేల్ సలెవ్‌స్కీ అనే చరిత్రకారుడు ఆ గొడవ మీదే 1976లో ఒక పుస్తకం రాశాడంటే చూసుకోండి. యు-96 కెప్టెన్ హైన్రిఖ్ లేమన్-విలెన్‌బ్రాక్ యుద్ధం నుంచి బతికి బయటపడి ఈ సినిమాకే సలహాదారుగా పనిచేశాడు. తెర మీది కెప్టెన్ మాత్రం లా రొషెల్ రేవులో విమానదాడిలో, కళ్ల ముందు పడవ మునిగిపోతుండగా ప్రాణం విడుస్తాడు. అసలు పడవ 1945 మార్చి దాకా తేలుతూనే ఉంది.

నవలను మొదట అమెరికా వాళ్లతో కలిసి తీద్దామనుకున్నారు. జాన్ స్టర్జెస్ దర్శకత్వం, కెప్టెన్‌గా రాబర్ట్ రెడ్‌ఫోర్డ్ అన్నారు. అది కుదరక డాన్ సీగల్, పాల్ న్యూమన్ అన్నారు. అదీ చతికిలబడింది. అప్పుడు రంగంలోకి దిగినవాడు గుంటర్ రోర్‌బాఖ్. టెలివిజన్‌లో ఏళ్లతరబడి పనిచేసి, బవేరియా స్టూడియో పగ్గాలు పట్టిన నిర్మాత. థియేటరుకూ టీవీకీ ఒకేసారి పనికొచ్చే సినిమా తీయాలని ముందు నుంచీ వాదించినవాడు. దానికి ఉభయచర చిత్రమని పేరు కూడా పెట్టాడు. జర్మన్ టీవీ సంస్థలు డబ్బు పెట్టాయి. ఖర్చు 3 కోట్ల మార్కులు దాటింది. అంత డబ్బు ఒక్క థియేటరు కోసమే అయితే ఎవరూ పెట్టేవారు కాదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత దీనితో నాకు పనుంది.

చిత్రీకరణ సంగతి చెప్పకుండా ఉండలేను. మ్యూనిక్ స్టూడియోలో టైప్ 7-సి జలాంతర్గామి లోపలి భాగాన్ని అసలు కొలతలతో కట్టారు. 67 మీటర్ల పడవ. లోపల ఎంత వెడల్పున్న చోటైనా 5 మీటర్లకు తక్కువే. దాన్ని హైడ్రాలిక్ వేదిక మీద ఎక్కించి ఊపారు, కుదిపారు. మామూలుగా ఇలాంటి సెట్టుకు ఒక గోడ ఊడదీసి కెమెరా పెడతారు. ఛాయాగ్రాహకుడు యోస్ట్ వకానో అందుకు ఒప్పుకోలేదు. చిన్న ఆరిఫ్లెక్స్ కెమెరాకు వణుకు తగ్గించే జైరోస్కోపులు తగిలించి, తలకు హెల్మెట్, ఒంటికి మెత్తలు కట్టుకుని, ఆ గుండ్రటి తలుపుల్లోంచి నావికుల వెంట తనూ దూకుతూ పరిగెత్తాడు. పడవ త్వరగా మునగాలంటే ముక్కు బరువెక్కాలి కదా, కెప్టెన్ ఆజ్ఞ వేయగానే ఖాళీగా ఉన్నవాళ్లంతా ముందు గదికి పరుగు తీస్తారు. ఆ పరుగులో కెమెరా ఎక్కడా నిలబడి చూడదు, అది కూడా బరువే.

చాలావరకు కథ నడిచే వరుసలోనే తీశారు. కాబట్టి తెర మీద పెరిగే గడ్డాలు నిజంగా పెరిగినవే. నటులను ఎండ తగలకుండా ఉంచారు, ముఖాలు నిజంగానే పాలిపోయాయి. మొదట్లో యుద్ధ విలేఖరి వెర్నర్‌కు పడవ చూపిస్తారు చూడండి: పైన వేలాడే సాసేజీలు, ఒకడు లేవగానే ఇంకొకడు పడుకునే మంచాలు, యాభై మందికి ఒకటే మరుగుదొడ్డి. రెండోది ఉంది, దాన్నిండా తిండి సామాన్లే. నిడివి మాట ఎత్తేటప్పుడు నాకు మొదట తట్టేది ఆ మరుగుదొడ్డే. అక్కడ నెలల తరబడి బతకాలి.

ఇక అంకెలు. 1981 సెప్టెంబరులో థియేటరుకు వచ్చిన కూర్పు 149 నిమిషాలు. 1984లో బీబీసీ ఆరు భాగాలుగా వేసింది, ఒక్కోటి 50 నిమిషాలు. 1985లో జర్మన్ టీవీ మూడు భాగాలుగా వేసింది. ఈ టీవీ రూపాన్నే తర్వాత కలిపి డీవీడీగా తెచ్చినప్పుడు 293 నిమిషాలు తేలింది. 1997లో దర్శకుడి కూర్పు అనే పేరుతో వచ్చింది 209 నిమిషాలు. అంటే థియేటర్లో జనం చూసింది తీసిన కథలో దాదాపు సగం.

ఆ సగంలో పోయింది ఏమిటి? యుద్ధం పోలేదు. డెప్త్ ఛార్జీలు ఉన్నాయి, జిబ్రాల్టర్ జలసంధి దాటబోవడం ఉంది, 280 మీటర్ల లోతున బోల్టులు తూటాల్లా ఊడి ఎగరడం ఉంది. పోయింది ఎదురుచూపు. శత్రువు కనబడని రోజులు, తుపానులో ఒకరి మీద ఒకరు పడుతూ తినడం, చెప్పిన బూతు జోకే మళ్లీ చెప్పుకోవడం. తుపాను మధ్యలో తమ జర్మన్ పడవే ఇంకొకటి ఎదురైతే మన కుర్రాళ్లు కేరింతలు కొడతారు. కెప్టెన్ మాత్రం మండిపడతాడు. ఇంత సముద్రంలో రెండు పడవలు ఒకే చోట ఉన్నాయంటే ఇంకెక్కడో వలలో కంత పడ్డట్టే. రోజుల తరబడి విసుగును వాళ్లతో పాటు మనమూ భరించి ఉంటేనే ఆ కేరింత ఎందుకో, ఆ కోపం ఎందుకో ఒంటికి పడతాయి. 149 నిమిషాల కూర్పు కలిపిన రోజే తిన్న ఆవకాయ. కారం ఉంది, ఊట లేదు.

ఇక్కడే నాకూ కొందరు పండితులకూ పేచీ. వాళ్ల మాట ఏమిటంటే, 1997 నాటిదే అసలు సినిమా, ఎందుకంటే అది దర్శకుడి కూర్పు. అయ్యా, ఆ బిరుదు పుట్టిందే నిర్మాత లాక్కుని కోసేసిన సినిమాను దర్శకుడు తిరిగి దక్కించుకున్న సందర్భాల కోసం. ఇక్కడ ఎవరు ఎవరి దగ్గర లాక్కున్నారు? రోర్‌బాఖ్ మొదటి రోజు నుంచీ రెండు రూపాలకూ తీయించాడు. పీటర్సన్‌కు అది తెలుసు, తెలిసే తీశాడు. 1997 నాటికి ఆయన 'ఎయిర్ ఫోర్స్ వన్' తీస్తున్న హాలీవుడ్ దర్శకుడు. పదహారేళ్ల తర్వాత ఆ కంటితో, ఆ చెవితో, ధ్వనిని మొత్తం కొత్తగా కట్టించి చేసిన మూడో సినిమా అది. బాగుంటుంది, కాదనను. కానీ 84 నిమిషాలు వదిలేసిన కూర్పును పూర్తి సినిమా అని ఎలా అంటారు?

ఇంకో వర్గం వాదన ఇంకా చిత్రమైనది. టీవీ కూర్పులో వెర్నర్ గొంతు వినిపిస్తుంది, నవల మాటలు చెబుతుంది. కాబట్టి అది సినిమా కాదు, బొమ్మలతో చదివిన నవల అంటారు. మరి వెర్నర్ ఎవరు? యుద్ధం రాయడానికి వచ్చినవాడు. రాయడానికి ఏమీ జరగని రోజుల్లో అతను ఏం చేస్తాడు? ఆ గొంతు తీసేస్తే వెర్నర్‌గా వేసిన హెర్బర్ట్ గ్రోనెమేయర్ వట్టి ప్రేక్షకుడిగా మిగిలిపోతాడు, తక్కిన కూర్పుల్లో మిగిలిపోయాడు కూడా. ఆ లోపం నటుడి మీదకు నెట్టిన విమర్శకులున్నారు. వాళ్లు ఏ ప్రింటు చూశారో మాస్టారైతే అడిగేవారు.

బుక్‌హైమ్ స్వయంగా సినిమాను తిట్టాడు కదా అని అడుగుతారు. తిట్టాడు. తన నవలను సగం అమెరికన్ యాక్షన్ సినిమాగానూ సగం యుద్ధకాలపు ప్రచార వార్తాచిత్రంగానూ మార్చేశారని 1981లోనే రాశాడు. కానీ ఆయన తిట్టింది థియేటరు కూర్పును. ఆయన కోరుకున్నది ఆరు గంటల సినిమా. ఆ తిట్టు నా వైపు సాక్ష్యమే తప్ప వాళ్ల వైపుది కాదు. ఇటు మాజీ నావికులు ఇద్దరు, మెర్టెన్, బాబెర్గ్, అలా జరగనే లేదంటూ 1986లో ఏకంగా పుస్తకమే వేశారు. ఆ తగాదాలోకి దిగితే మీకు ఇవాళ భోజనం ఉండదు.

నా వాదనకు ఎదురు నిలిచే సంగతి ఒకటుంది, అదీ చెప్పాలి. ఆస్కార్లో ఆరు నామినేషన్లు వచ్చింది సగానికి కోసిన కూర్పుకే, అందులో ఎడిటింగ్‌ది ఒకటి. కోసిన హానెస్ నికెల్ చేయి అంత గొప్పది. 1983లో ఆ అవార్డు, దర్శకత్వం, ఛాయాగ్రహణంతో సహా అటెన్‌బరో 'గాంధీ'కి వెళ్లిపోయింది. లాస్ ఏంజెలెస్ ప్రదర్శనలో, 40,000 మంది జర్మన్ జలాంతర్గామి నావికుల్లో 30,000 మంది తిరిగి రాలేదని తెర మీద పడగానే జనం చప్పట్లు కొట్టారట. సినిమా అయ్యాక ఆ జనమే లేచి నిలబడి చప్పట్లు కొట్టారని పీటర్సన్ చెప్పుకున్నాడు. అది 149 నిమిషాల్లోనే సాధ్యమైంది, ఒప్పుకుంటాను.

అధ్యక్షులు గడియారం చూపిస్తున్నారు. మిగతాది పరుగే. వకానో తన పనికి అదనపు పారితోషికం కావాలని కోర్టుకెక్కాడు. ఇన్ని కూర్పులు ఇన్నిసార్లు అమ్ముడుపోతుంటే ఎందుకు ఎక్కడూ? 2018లో అదే పేరుతో కొత్త సీరియల్ వచ్చింది. కథ 1942లో మొదలవుతుంది, సగం ఒడ్డు మీదే నడుస్తుంది. నాకు నచ్చలేదు, కారణాలు చెప్పే వ్యవధి లేదు. పీటర్సన్ 2022లో పోయాడు. మన వైపు 2017లో సంకల్ప్ రెడ్డి 'ఘాజీ' వచ్చింది, విశాఖ తీరంలో మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి కథ. తెలుగులోనూ హిందీలోనూ ఒకేసారి తీశారు. ఆ రెండు కూర్పులనూ పక్కపక్కన పెట్టి ఎవరైనా పనిచేయాలి, నాకు వయసైపోయింది. పడవ లోపల ఎంత ఇరుకో తెలియాలంటే విశాఖ ఆర్‌కే బీచ్‌లో మ్యూజియంగా పెట్టిన కురుసుర జలాంతర్గామి ఎక్కండి. అది 91 మీటర్లు, యు-96 కన్నా పెద్దది.

రేపు ఉదయం పది గంటలకు ఇదే హాల్లో 293 నిమిషాల కూర్పు వేస్తున్నాం. రెండు విరామాలుంటాయి, టీ ఇస్తారు. మధ్యలో లేచి వెళ్లేవాళ్లు తుపాను అయ్యాకే లేవాలని మనవి.