పటాన్‌చెరు నుంచి కోనసీమకు దారులు

సంగారెడ్డి, పటాన్‌చెరు పారిశ్రామికవాడల నుంచి కోనసీమకు, అంటే గోదావరి పాయలైన గౌతమి, వసిష్ఠల నడుమ సముద్రం దాకా పరచుకున్న డెల్టా భూమికి, సెలవుల్లో వెళ్లేవారికి మూడు మార్గాలున్నాయి. పటాన్‌చెరు మీదుగా సాగే 65వ నంబరు జాతీయ రహదారిపై విజయవాడ చేరి, అక్కడ 16వ నంబరు రహదారి అందుకుంటే, కోనసీమ ముఖద్వారమైన రావులపాలెం వస్తుంది. రైలు కోరేవారు సమీపంలోని లింగంపల్లిలో గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కి రాజమహేంద్రవరంలో దిగవచ్చు. కోనసీమలోని అమలాపురానికి రైలు మార్గం ఇంకా పూర్తికానందున రాజమహేంద్రవరం నుంచి బస్సే ఆధారం. విమానమైతే శంషాబాద్ నుంచి రాజమహేంద్రవరం శివారులోని మధురపూడికి చేరుస్తుంది. కోనసీమలోని అంతర్వేది క్షేత్రానికి వెళ్లే యాత్రికులు నరసాపురం రేవులో పంటు, అంటే మనుషులతోపాటు వాహనాలనూ దాటించే వెడల్పాటి పడవ, ఎక్కి సఖినేటిపల్లిలో దిగుతారు. గోదావరికి వరద వచ్చినప్పుడు పంటు నిలిపివేస్తారు గనుక, ఆ రోజుల్లో చించినాడ వంతెన మీదుగా వెళ్లడం మేలు.