రికార్డులో కొంగ బొమ్మ



మొన్న రాత్రి మా అమ్మాయి డిగ్రీ పరీక్షకి బట్టీ పడుతూంది. "రేపటి తరాల అవసరాలకు లోటు రాకుండా నేటి అవసరాలు తీర్చుకోవడమే సుస్థిర అభివృద్ధి." ఒకటికి పదిసార్లు! చపాతీ పిండి కలుపుతూ అడిగాను, "మన బోరు ఎన్ని అడుగులే?" అని.

"ఏమో అమ్మా. అది సిలబస్‌లో లేదు."

శంషాబాద్‌లో మేము వేసిన మొదటి బోరు 200 అడుగుల్లో నీళ్ళిచ్చింది. అది ఎండిపోయాక వేసింది 650 అడుగులు. నాకెందుకు గుర్తుండదు? నా గాజులు పోయింది దానికే.

పరీక్ష అయిన వారానికి రికార్డు పుస్తకం ఇవ్వాలట. తిరగేశాను. చెరువు, తామరలు, ఒంటికాలి మీద కొంగ, ముచ్చటగానే ఉన్నాయి. ఏ చెరువే ఇది అంటే, సీనియరు పుస్తకంలోదట! మా అత్తగారు ముక్కున వేలేసుకున్నారు. ఆటో ఎక్కితే అరగంటలో హిమాయత్ సాగర్ మాకు.

నేను మెట్రిక్ దాటనిదాన్ని, కాలేజీ చదువుల గొడవ నీకెందుకంటారేమో. ఫీజు కట్టేది మనమేగా! ఈ పేపరు ఊరికే రాలేదండీ. ఎం.సి. మెహతాగారనే న్యాయవాది వేసిన కేసులో, చదువుల్లో పర్యావరణం తప్పనిసరి కావాలని 1991లో సుప్రీంకోర్టు చెప్పింది. పని సరిగా సాగలేదని 2003లో మళ్ళీ గట్టిగా చెప్పింది. అప్పుడు యూజీసీ డిగ్రీ పిల్లలందరికీ ఆరు నెలల పాఠ్యక్రమం తయారుచేసింది. అందులో 100 మార్కులకు 25 మార్కులు బయటికి వెళ్ళి, కళ్ళారా చూసి రాసేదానికే. ఆలోచన ఎంత మంచిది! మా ఇంటికి వచ్చేసరికి కొంగ బొమ్మ అయింది.

1908 మూసీ వరద తరువాత కట్టిన జలాశయాలు ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్. హిమాయత్ సాగర్ ఈసీ నది మీద 1927లో పూర్తయింది. వీటి చుట్టూ 10 కిలోమీటర్ల మేర కాలుష్య పరిశ్రమలు, పెద్ద కాలనీలు రాకూడదని 1996లో 111వ నంబరు జీ.వో. ఇచ్చారు. 84 గ్రామాలు దాని కిందికి వచ్చాయి. 2022లో 69వ నంబరు జీ.వో.తో ఆ కట్టుబాట్లు సడలించారు. మా వీధిలో ప్లాట్లు అమ్మిపెట్టే కుర్రాడికి ఈ నంబర్లన్నీ కంఠోపాఠం. 2008లో విమానాశ్రయం వచ్చాక ఎకరం ధర పసిపిల్లలు కూడా చెబుతారు. నీళ్ళ సంగతి మాత్రం డిగ్రీ పిల్లకి తెలియదు.

పక్కనే రాజేంద్రనగర్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉంది కదా. అక్కడి బి.ఎస్సీ. పిల్లలు చివరి సంవత్సరంలో కొన్నాళ్ళు పల్లెలో ఉండి, రైతు వెంట పొలానికి వెళ్ళాలి. అదీ చదువే, దానికీ మార్కులున్నాయి. మిగతా పిల్లలకి ఎందుకుండకూడదు? మా అమ్మాయిది కామర్సు. బోరు ఖర్చు, ట్యాంకరు ఖర్చు వీధి మొత్తానికి లెక్క కట్టమంటే అది అకౌంట్సు కాదా? కెమిస్ట్రీ పిల్లలు ఆ నీళ్ళలో ఏముందో చూడవచ్చు, చరిత్ర పిల్లలు ఈ చెరువుల కథ తవ్వవచ్చు. పర్యావరణానికి విడిగా ఒక పేపరు పెట్టి, తక్కిన పుస్తకాల్లో ఆ ఊసే లేకపోతే, పరీక్ష మర్నాడు మరిచిపోక ఏం చేస్తారు?

మా అమ్మాయి మొదట మూతి ముడిచింది. తరువాత ఆదివారం ఏడిళ్ళు తిరిగి బోరు లోతులు రాసుకొచ్చింది. పూడ్చేసిన చేదబావి ఎక్కడుండేదో వాళ్ళ నాయనమ్మ చూపించింది. రికార్డు మళ్ళీ రాస్తోంది. లెక్చరరుగారు ఎన్ని మార్కులు వేస్తారో! ఈసారి కొంగ లేదు మరి.